ప్రోగ్రెసివ్ స్ప్రింగులు వేశాక దెబ్బ ఎక్కువైందా? ఆయిల్ మందం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండికి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో ప్రోగ్రెసివ్ (నొక్కేకొద్దీ గట్టిపడే) స్ప్రింగులు వేయించారు, బ్రేక్ వేస్తే ముందుకు వాలడం తగ్గింది కానీ గుంతలో పడితే చేతులకి దెబ్బ తగులుతోంది, మెకానిక్ ఏమో మందం ఆయిల్ పోద్దామంటున్నాడు, ఇంట్లో మీరే సరిచేసుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. చేసుకోవచ్చు. మందం ఆయిల్ మాత్రం వద్దండీ, దాంతో ఫోర్కు కదలిక ఇంకా నెమ్మదిస్తుంది, గుంత దెబ్బ మరింత పెరుగుతుంది.

నాదీ అదే బండి. స్ప్రింగులు మార్చిన కొత్తలో వికారాబాద్ వెళ్లి వచ్చేసరికి మణికట్లు వాచిపోయాయి. తర్వాత విప్పి చూస్తే తెలిసింది, స్ప్రింగులు వేసినతను పాత లెక్క ప్రకారమే ఆయిల్ కొలిచి పోశాడు. కొత్త స్ప్రింగులో చుట్టలు ఎక్కువ, అంటే లోపల ఇనుము ఆక్రమించే చోటు ఎక్కువ, ఆయిల్ పైకి లేస్తుంది, పైన గాలికి ఉండాల్సిన ఖాళీ తగ్గుతుంది. ఫోర్కు లోపలికి దిగేకొద్దీ ఆ కొంచెం గాలీ నొక్కుకుపోయి రాయిలా అడ్డుపడుతుంది. మీకు తగిలే దెబ్బ చాలావరకు అదే అయ్యుంటుంది.

అయినా మొదట సాగ్ (మీ బరువుకి ఫోర్కు ఎంత దిగుతుందో) కొలవండి, దీనికి ఏమీ విప్పక్కర్లేదు. ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, డస్ట్ సీల్ (రాడ్ లోపలికి దిగే చోట ఉండే రబ్బరు) నుంచి ఫోర్కుని పట్టుకునే కింది క్లాంప్ వరకు రాడ్ ఎంత బయట ఉందో కొలవండి. తర్వాత దించి, హెల్మెట్, జాకెట్‌తో సహా మీరు కూర్చుంటే ఇంకొకరు అదే కొలవాలి. రెండింటి తేడానే సాగ్. దీని ట్రావెల్ (ఫోర్కు మొత్తం కదిలే దూరం) 200 మి.మీ. కాబట్టి 50 నుంచి 60 దాకా ఉంటే బాగుంటుంది. నాది 40 దగ్గరే ఆగింది. స్ప్రింగ్‌ని నొక్కి ఉంచే గొట్టం ముక్క, అంటే స్పేసర్, పొడవు ఎక్కువైతే ప్రోగ్రెసివ్ స్ప్రింగులో మెత్తటి చుట్టలు ముందే మూసుకుపోతాయి, చిన్న కుదుపు కూడా గట్టిగా అనిపిస్తుంది. నేను స్పేసర్ 15 మి.మీ. కోసేశాను, దాంతోనే సగం బాధ పోయింది.

ఆయిల్ లెవెల్‌కి ఫోర్కులు బయటికి తీయాలి. పై క్లాంప్ బోల్టు వదులు చేసి, ఫోర్కు బండి మీద ఉండగానే ఫోర్కు పైమూత, అంటే క్యాప్‌ని అర తిప్పు వదిలించండి, బయటికి తీశాక ఫోర్కుని పట్టుకుని దాన్ని విప్పడం నరకం. చివరి మరల దగ్గర అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి, ముఖం పక్కకి పెట్టండి, స్ప్రింగ్ ఎగిరి తగులుతుంది. పాత ఆయిల్ వంపేశాక కొత్తది పోసి, పదిహేను ఇరవై సార్లు పంప్ చేస్తేనే లోపలి గాలి పోతుంది. లెవెల్ కొలిచేది స్ప్రింగ్ లేకుండా, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి. పెద్ద సిరంజికి అక్వేరియం పైపు తగిలించి, కావాల్సిన లోతులో టేపు చుట్టి, గాలి వచ్చేదాకా లాగేస్తే రెండు వైపులా ఒకేలా వస్తుంది. ఎంత లోతు అనేది స్ప్రింగులతో వచ్చిన కాగితంలో చూడండి. అప్పటికీ దెబ్బ ఉంటే 10 మి.మీ. చొప్పున ఆయిల్ తగ్గించి చూడండి.

బ్రేక్ ప్యాడ్లు ఉండే కాలిపర్‌ని బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకండి, తాడుతో కట్టండి. ప్యాడ్ల మీద ఆయిల్ చుక్క పడితే ప్యాడ్లు మార్చేయండి, పొదుపు చూసుకోవద్దు. చక్రం ఎక్కించాక బ్రేక్ లివర్ నొక్కుతూ నొక్కుతూ గట్టిపడ్డాకే బండి కదిలించండి.