పాలు పొంగించే ముందు తమ్ముడితో మాట్లాడండి

ప్రశ్న: మా కోడలిది నాగాలాండ్. అబ్బాయితో పాటు హైదరాబాద్‌లో ఉద్యోగం. పెళ్లయి రెండేళ్లు. నా దగ్గరే తెలుగు చదవడం నేర్చుకుంది. మొన్న మా తమ్ముడు వాళ్ల పెళ్లి ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి ‘మా అక్కకి చైనా కోడలు’ అని రాశాడు. కింద ఎవరెవరో కుక్క మాంసం అనీ, కరోనా అనీ నానా మాటలూ రాశారు. సరదాకి పెట్టానంటాడు. కోడలు మా ఇంటి వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయింది. వచ్చే నెల తమ్ముడి గృహప్రవేశానికి రానంటోంది. అమెరికాలో ఉన్న మేనల్లుడు కూడా వస్తున్నాడు. తమ్ముడి కూతుర్ని చేసుకుంటామని మాటిచ్చి తప్పాం, అసలే వాడి ముందు ముఖం చెల్లడం లేదు. కోడలికి ఎలా నచ్చజెప్పాలి?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: నచ్చజెప్పకండి. ఆ అమ్మాయి రానవసరం లేదు. మీరడిగినదానికి నా జవాబు ఇంతే.

నేను ఆగిపోయింది మీ చివరి మాట దగ్గర. మేనరికం తప్పిన రోజు నుంచీ మీరు తమ్ముడికి బాకీ పడ్డట్టు బతుకుతున్నారు. ఏమన్నా తల వంచుకుంటున్నారు. మాటిచ్చింది మీరు, తప్పింది మీరు. ఆ బాకీ కోడలి పరువుతో తీరుస్తారా?

కూతుర్ని కాదంటే ఏ తండ్రికైనా కడుపు మండుతుంది. మీ ఇంటికొచ్చి మిమ్మల్ని నాలుగు తిట్టి ఉంటే అది అక్కాతమ్ముళ్ల గొడవ, మీరే పడేవారు. ఆయన ఎగతాళి చేసింది ఆ పిల్ల ముఖాన్ని, పుట్టిన నేలను. అందుకే మీ మేనరికం సంగతే తెలియని వాళ్లంతా వచ్చి తలో రాయి వేశారు. ఆ రాళ్లన్నీ ఆమె చదివింది. చదవడం నేర్పింది మీరే.

సరదా అనే మాట నాకు చెప్పకండి. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా జుట్టు చూసి కొందరు వెక్కిరించారు. మాటా మాటా పెరిగింది, కొట్టారు, మర్నాటికి ఆ పిల్లాడు లేడు. 2020లో ఈశాన్య రాష్ట్రాల వాళ్లను వీధుల్లో ‘కరోనా’ అని పిలుస్తుంటే, చర్యలు తీసుకోమని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. మీ తమ్ముడి పోస్టు కింద ఉన్నదీ అదే మాట.

మీ మేనల్లుడు ఉంటున్న దేశంలోనే 2017 ఫిబ్రవరిలో, కాన్సస్ రాష్ట్రంలో, మన శ్రీనివాస్ కూచిభొట్లను ‘మా దేశం నుంచి పొండి’ అని అరిచినవాడు కాల్చి చంపాడు. అక్కడ పిల్లలున్న మన తల్లిదండ్రులకు ఆ గుబులు ఇప్పటికీ ఉంది, మీ తమ్ముడికీ ఉండే ఉంటుంది. కూతుర్ని హైదరాబాద్ పంపి నాగాలాండ్‌లో కూర్చున్న ఆ తల్లికి ఉండదా? మీ వియ్యపురాలికి ఒక్కసారైనా ఫోన్ చేశారా? ఉత్తరంలో ఆమె ఊసే లేదు.

ఇక తమ్ముడి విషయం. కొత్తింట్లో పాలు పొంగించాల్సిన ఆడపడుచు మీరే కదా. ఆ హక్కుతోనే మాట్లాడండి. ఫోన్లో కాదు, వెళ్లి ఎదురుగా కూర్చుని. మాట తప్పినందుకు ముందు మీరు క్షమాపణ అడగండి, అది మీరు చెల్లించాల్సిందే. తర్వాత పోస్టు తీసేయమనండి. ఏ ఫేస్‌బుక్‌లో అన్నాడో అక్కడే తప్పయిందని రాయమనండి, కోడలికి స్వయంగా చెప్పమనండి. కాదంటే ఆ రోజు మీరూ వెళ్లకండి. బంధువులు అడిగితే కారణం దాచకండి.

పోస్టు పోయేలోగా స్క్రీన్‌షాట్లు తీసి కోడలికి ఇవ్వండి. జాతి, పుట్టిన ప్రాంతం పేరిట వైరం రేపడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు ఉంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మేనమామ కదా అని మీ అబ్బాయి గానీ మీరు గానీ అడ్డు పడకండి.

ఇవన్నీ అయ్యాక హైదరాబాద్ వెళ్లి రెండు రోజులు ఆ అమ్మాయి దగ్గర ఉండి రండి. గృహప్రవేశం మాట మాత్రం ఎత్తకండి.