అబిడ్స్‌ని చంపింది ఆన్‌లైన్ షాపింగ్ కాదు

"ఒకప్పుడు హైదరాబాద్ మొత్తానికీ షాపింగ్ అంటే అబిడ్సే కదా, ఇప్పుడెందుకిలా కళ తప్పింది, ఆన్‌లైన్ వల్లేనా?" అని అడిగారు. కాదండీ. నేను మలక్‌పేటలో పుట్టి పెరిగాను, మా ఇంట్లో చెప్పుల నుంచి పెళ్లిచీరల దాకా అన్నీ అక్కడే కొన్నాం, అందుకే గట్టిగా చెప్తున్నా: అక్కడ మనిషి నడవడానికి చోటు లేకుండా పోయింది, అదే కారణం.

1994 జూన్‌లో నాన్నకు డీఏ బకాయిలు వచ్చాయి. నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చానని ఇంకు పెన్ను కొనిస్తానన్నారు. కోఠిలో బస్సు దిగి, బ్యాంక్ స్ట్రీట్ మీదుగా, ట్రూప్ బజార్‌లో వేలాడే లైట్లన్నీ చూసుకుంటూ నడిచాం. దారిలో నాన్న ఒక షాపులో చొక్కా గుడ్డ ధర అడిగి, ఎక్కువని బయటికొచ్చేశారు, నాలుగు షాపులు దాటాక మనసు మార్చుకుని వెనక్కి వెళ్లి అదే కొన్నారు. పెన్నుల షాపులో ఒక పెద్దాయన గాజు కౌంటర్ మీద తెల్లకాగితం పెట్టి "పేరు రాయి బేటా" అన్నాడు. రాశాను. ఆయన అక్షరాలు చూడలేదు, నా వేళ్లు చూశాడు. "నహీఁ" అని పెన్ను తీసేసుకుని ఇంకోటిచ్చాడు. అలా నాలుగు మార్చాడు. నాలుగోదాని పాళీ కాగితం మీద నూనె రాసినట్టు జారింది, పైగా ధర కూడా మిగతా మూడింటికంటే తక్కువే. ఆ తర్వాత తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ తిని పెద్ద పోస్టాఫీసు (జీపీఓ) దాకా నడిచాం. ఇంకేమీ కొనలేదు, ఊరికే నడిచాం.

అసలు ఆ ప్రాంతానికి పేరొచ్చిందే దుకాణం వల్ల. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్ అక్కడ షాపు పెట్టాడు, అదే పేరు ఉండిపోయింది.

పోయినేడాది మా అమ్మాయికి ఇదంతా చూపిద్దామని మెట్రోలో నాంపల్లిలో దిగాం. (మెట్రో సంగతీ చెప్పాలి. ఒక లైను నాంపల్లి మీదుగా, ఇంకొకటి సుల్తాన్ బజార్ మీదుగా వేశారు, మధ్యలో ఉన్న అబిడ్స్‌కి మాత్రం స్టేషన్ లేదు!) అక్కణ్ణుంచి నడక మొదలైంది. ఫుట్‌పాత్ మీద ఒకచోట బైకులు, ఇంకోచోట ట్రాన్స్‌ఫార్మర్, అది దాటితే పలకలు లేచిపోయిన గుంత. రోడ్డు దిగితే వెనక నుంచి హారన్లు. షాపుల వైపు తలెత్తి చూస్తే కదా ఏదైనా కొనాలనిపించేది, మేం కింద చూసుకుంటూనే నడిచాం. పది నిమిషాలకే అమ్మాయి "నాన్నా, ఆటో ఎక్కుదాం" అంది. ప్యాలెస్, జమ్రూద్ టాకీసులు ఎక్కడుండేవో చూపించే ఓపిక నాకూ లేకపోయింది. ఆటోలో పోతూ ఎవరైనా చొక్కా గుడ్డ కోసం వెనక్కి వెళ్తారా?

1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం వచ్చాక డబ్బున్నవాళ్లంతా పడమటికి పోయారంటారు కొందరు. పోయారు, ఒప్పుకుంటా. మరి బేగంబజార్ ఇప్పటికీ ఎందుకు కిటకిటలాడుతోంది? అక్కడ ఇరుకైనా జనం కాలినడకనే తిరుగుతారు. అబిడ్స్‌లో మాత్రం ఎంతసేపూ బండ్లు ఎలా ముందుకు పోవాలన్నదే ఆలోచన, వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడాలో ఎవరికీ పట్టదు. పార్కింగ్ కట్టండి అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం, చార్జీ లేకుండా అక్కడిదాకా రాగలరు, దిగాక నీడలో నడిచే దారి ఉంటే చాలు.

నమ్మకం లేకపోతే ఆదివారం పొద్దున వెళ్లి చూడండి. చాలా షాపులు మూసే ఉంటాయి, ఆ షట్టర్ల ముందే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. బండ్లు తక్కువ. జనం వంగి, కూర్చుని, ఒక పుస్తకం తిరగేసి పెట్టేసి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి దాన్నే బేరమాడుతుంటారు.

జీపీఓ ముందు రోడ్డు మీద శనివారం సాయంత్రాలు బండ్లు ఆపి చూడమనండి, మూణ్ణెల్లు చాలు. మా అమ్మాయిని నేనే మళ్లీ తీసుకెళ్తా, ఈసారి కోఠిలో దిగి.