అంగిలి మీద తెల్లమచ్చ: ముక్క పరీక్షకు వెనుకాడకండి

మీ అమ్మగారి అంగిలి మీద నెల రోజులుగా తెల్లటి మచ్చ ఉందనీ, నొప్పి లేదనీ, దంతవైద్యులు ముక్క పరీక్ష (బయాప్సీ) రాశారనీ, ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని బంధువులు భయపెడుతున్నారనీ రాశారు. పరీక్ష చేయించండి, ఈ వారంలోనే చేయించండి. ఈ మాట ఆరేళ్ల క్రితం మా ఇంట్లో ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే మా పెద్దమ్మకు పైదవడ సగం పోయేది కాదని నేను నమ్ముతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా. పెద్దమ్మకు పెళ్లయిన కొత్తలోనే అడ్డపొగ అలవాటైంది. చుట్ట వెలిగించి, మండే కొసను నోటిలోపల పెట్టుకుని, పెదవులు మూసి పొగ పీల్చే ఆ పద్ధతిని మా వైపు ఆడవాళ్లు తల్లి దగ్గరో అత్త దగ్గరో నేర్చుకునేవారు. గాలికీ వానకూ చుట్ట ఆరిపోదు, రెండు చేతులా ఊడ్పులు చేస్తూ కూడా కాల్చుకోవచ్చు. అయితే ఆ నిప్పు వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. మిగతా చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ ఉత్తరాంధ్ర తీరంలోని ఆడవారిలో ఎందుకు కనిపిస్తోందో విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల కిందటే పరిశీలించి రాశారు.

పెద్దమ్మకు మొదట పులుసు తింటే నోరు మండేది. ఊళ్లోని ఆర్‌.ఎం.పి. వేడి చేసిందని చెప్పి బీకాంప్లెక్సు మాత్రలూ, నోటి పూతకు రాసుకునే మందూ ఇచ్చాడు. అలా నాలుగు నెలలు గడిచాయి. తర్వాత పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. అక్కడ నాలుక చూశారు, బుగ్గలు చూశారు, తల వెనక్కి వంచమని మాత్రం ఎవరూ అనలేదు. ఇంటికి వచ్చాక చీటీ చదివితే అందులో ‘ధూమపానం: లేదు’ అని రాసి ఉంది. ఆ ప్రశ్న పెద్దమ్మను ఎవరూ అడగలేదు, నేను పక్కనే నిలబడి ఉన్నాను. అరవై ఏళ్ల ఆడమనిషి కనుక తాగదని రాసేశారు. ఆ ఒక్క మాట మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అసలు విషయం బయటపడింది పళ్ల సెట్టు కోసం వెళ్లినప్పుడు. ఆ దంతవైద్యురాలు చిన్న వయసు అమ్మాయి, మా జిల్లా మనిషే. అద్దం లోపల పెట్టి పైకి చూడగానే ఆమె చేయి ఆగిపోయింది. నన్ను బయట కూర్చోమనకుండానే, గొంతు బాగా తగ్గించి, “అమ్మా, అడ్డపొగ అలవాటుందేటి?” అని అడిగింది. పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి, “పొద్దున్న ఒకటి, రేత్రి ఒకటి, అంతేనమ్మా” అంది. నేను ఆమె ఒళ్లో పెరిగినదాన్ని, ఆమె చుట్ట వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అయినా పుండుకూ చుట్టకూ సంబంధం ఉంటుందని ఏ వైద్యుడి ముందూ నోరు విప్పలేదు. డాక్టరమ్మ నాకూ అద్దంలో చూపించింది. అంగిలి అంతా బూడిద రంగు కలిసిన తెలుపుతో మందంగా ఉంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలున్నాయి, వెనుక వైపు చిక్కుడు గింజంత పుండు ఉంది. ఆ పుండు పెద్దమ్మకు అంతవరకూ నొప్పి పెట్టనే లేదు.

మీ అమ్మగారికి నొప్పి లేదన్న మాట చదివి నాకు భయం వేసింది ఇందుకే. నోటి క్యాన్సర్‌లో నొప్పి తరచుగా ఆలస్యంగా వస్తుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, అంతకంటే ముఖ్యంగా ఎర్రటి మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, ఉన్నట్టుండి సరిపోకుండా పోయిన పళ్ల సెట్టు, వీటిలో ఏది కనిపించినా చూపించుకోవలసిందే.

ఇక ముక్క పరీక్ష సంగతి. కత్తి తగిలితే రోగం రేగుతుందని మా పెదనాన్నగారు ఆరు వారాలు అడ్డుపడ్డారు. ఆ ఆరు వారాలూ ఆకు పసరు పూశారు. నిజానికి ఆ చోట మొద్దుబారేలా సూది ఇచ్చి, అనుమానం ఉన్న చోట కొన్ని మిల్లీమీటర్ల ముక్క మాత్రమే తీస్తారు, దాని వల్ల రోగం ఒళ్లంతా పాకదు. అది లేకుండా ఏ వైద్యుడూ చికిత్స నిర్ణయించలేడు. పరీక్ష తర్వాత పాకిందని జనం చెప్పుకునే సందర్భాల్లో రోగం అప్పటికే ముదిరి ఉంటుంది, లేదా రిపోర్టు చేతిలో పెట్టుకుని చికిత్సకు వెళ్లకుండా నెలలు గడిపి ఉంటారు.

పెద్దమ్మకు పైదవడలో ఒక పక్క భాగం తీసేశారు. నోటికీ ముక్కుకూ మధ్య ఏర్పడిన ఖాళీని మూయడానికి పళ్ల సెట్టు లాంటి ప్లేటు అమర్చారు, అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టే ముందు పాడైన పళ్లు తీయించారు, ఎందుకంటే ఆ తర్వాత పళ్లు తీస్తే దవడ ఎముక మానడం కష్టం. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 30 సిట్టింగులు. ఆ రోజుల్లో చోడి అంబలి తప్ప మరేమీ గొంతు దిగలేదు. ఆరోగ్యశ్రీ వల్ల ఆపరేషన్ ఖర్చు మా మీద పడలేదు.

తెల్లమచ్చ దశలోనే చూసి ఉంటే చుట్ట మాన్పించి, మచ్చను కనిపెట్టుకుని ఉండటమో, ఆ కాస్త చర్మం తీయడమో సరిపోయేది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. మన దేశమంతటా 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఐదేళ్లకొకసారి చూడాలని ప్రభుత్వ కార్యక్రమం ఉంది. కానీ కొడుకూ కోడలూ వింటుండగా వాకిట్లో నిలబడి “పొగాకు అలవాటుందా” అని అడిగితే మా ఊరి ఏ ముసలమ్మా అవునని చెప్పదు. సినిమాకు ముందు వేసే హెచ్చరికల్లో చుట్ట కాల్చే ఆడమనిషిని నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా చూడలేదు. మా వైపు ఈ రోగం ఆలస్యంగా తెలియడానికి పేదరికం కంటే సిగ్గే పెద్ద కారణమని నా గట్టి అభిప్రాయం.

మీరు కూడా అమ్మగారిని ఒంటరిగా, ఎవరూ లేనప్పుడు, కసురుకోకుండా అడగండి. చుట్ట గానీ, పొగాకు వేసిన కిళ్లీ గానీ అలవాటుంటే ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని అన్నది కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా అక్కడితో ఆగవద్దు. డిస్‌ప్లేసియా (ముందు ముందు క్యాన్సర్‌గా మారే అవకాశమున్న కణాల మార్పు) అన్న మాట ఉందా, ఉంటే ఏ స్థాయిలో ఉంది, మళ్లీ ఎన్ని నెలలకు చూపించాలి అని అడిగి, ఆ తేదీ రాయించుకుని రండి.