టర్బో బండి కొంటున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో హ్యుందాయ్ వెన్యూ టర్బో చూశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మేనల్లుడు సొంత డబ్బుతో కారు కొంటున్నాడని ఆ పూట వీధంతా చెప్పుకున్నాను, రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

998 సీసీ, మూడు సిలిండర్లు, 120 పీఎస్, 1500 ఆర్‌పీఎం నుంచే 172 న్యూటన్ మీటర్ల టార్క్. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే చక్రం కదా, కాలు పెడితే లాగేస్తుంది, కాదనను. కాగితాలు, టైర్లు, ఇన్సూరెన్స్ నువ్వే చూసుకోగలవు. నా గోలంతా ఇంజిన్ ఆయిల్ గురించే.

నాదీ ఒకప్పుడు చిన్న టర్బో పెట్రోలే, ఏ కంపెనీదో వదిలేయ్. షెడ్డు నడుపుతూ ఊరందరికీ ఆయిల్ మార్చమని చెప్పి, నా బండికి మాత్రం ఐదారు వేల కిలోమీటర్లు ఆలస్యం చేశాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాస్త నీలం పొగ వచ్చేది, చలికి అనుకున్నా, ఆయిల్ కాలుతోందని పట్టించుకోలేదు. శ్రీశైలం వెళ్తూ, దోర్నాలలో ఫారెస్టు గేటు రాత్రి 9కి మూసేస్తారని తొక్కుకుంటూ పోయి గేటైతే దాటాం. ఘాట్‌లో ముందు ఈల వేసినట్టు సన్నటి చప్పుడు, కాసేపటికి పికప్ పోయింది, అద్దంలో చూస్తే వెనకంతా పొగ. ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే చివర తడి కూడా లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. మీ అత్తయ్య తిట్టలేదురా, కొంగు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది, నాకు అదే ఎక్కువ భయమేసింది. మా వెనకే గేటు దాటిన బస్సువాళ్లు ఎక్కించుకున్నారు కాబట్టి సరిపోయింది.

టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని షాఫ్టు తేలేది పల్చటి ఆయిల్ పొర మీదే. వేడి మీద ఇంజిన్ ఆపేస్తే ఆయిల్ పంపూ ఆగుతుంది, అక్కడ మిగిలిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడి దారులు పూడుకుపోతాయి. నేనేమో టీకొట్టు కనపడగానే తాళం తిప్పేసేవాణ్ణి. ఇప్పుడు టర్బోని కూలెంట్ చల్లబరుస్తుంది కదా మామయ్యా అంటావు. చల్లబరచనీ, హైవే మీద తొక్కి వచ్చాక బండి ఆపి ఇంజిన్‌ని నిమిషం ఐడిల్‌లో ఉంచితే నీ సొమ్మేం పోయింది? కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోయించు, చవగ్గా వచ్చిందని ఏదోటి పోయించావో చెవి మెలేస్తా.

శనివారం బండి చూడ్డానికి నేనూ వస్తాను. మనం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ముందే చెప్పు, చల్లటి ఇంజిన్ మీద మొదటి పొగ నేనే చూడాలి. శ్రీశైలం సంగతి మీ అమ్మకి చెప్పకు, ఇన్నేళ్లుగా పంక్చర్ అనే అనుకుంటోంది.

మామయ్య