పాత బుల్లెట్: వేడెక్కాక న్యూట్రల్ పడకపోతే

అన్నా, మీ 84 మోడల్ బుల్లెట్ పొద్దున బాగానే ఉండి, వేడెక్కాక సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడట్లేదు, ఫస్ట్ వేస్తే ముందుకు దూకుతోంది, కొత్త క్లచ్ కేబుల్ వేసినా అంతే అన్నారు. అది క్లచ్ పూర్తిగా విడవకపోవడం. క్లచ్ ప్లేట్లు కొనడానికి అప్పుడే పరుగెత్తకండి. మడమతో న్యూట్రల్ ఫైండర్ (గేర్‌ను నేరుగా న్యూట్రల్‌కు తెచ్చే చిన్న పెడల్) తొక్కుతూ నెట్టుకు రావడం కూడా జబ్బును దాచడమే.

ముందుగా కేబుల్ అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి తిప్పేసి, గేర్‌బాక్స్ కవర్ మీది చిన్న మూత తీయండి. లోపల లాక్‌నట్‌తో ఒక స్క్రూ ఉంటుంది. నట్ వదులు చేసి, పుష్‌రాడ్‌కు (క్లచ్‌ను నెట్టి విడదీసే కడ్డీ) తగిలేదాకా స్క్రూ తిప్పి, కొద్దిగా వెనక్కి తీసి బిగించండి. ఆ తర్వాత లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ప్లే (వదులు) ఉంచి కేబుల్ సరిచేయండి. చాలామంది ఆ స్క్రూ జోలికే పోరు, కేబుల్‌నే లాగుతుంటారు.

దానికీ లొంగకపోతే ఎడమవైపు చైన్‌కేస్ మూత, అంటే క్లచ్‌ను కప్పి ఉండే ఇంజిన్ పక్క మూత, తీయాలి. నట్ ఒక్కటే, కానీ విప్పగానే ఆయిలంతా కారుతుంది, కింద పళ్లెం పెట్టండి. ప్లగ్ వైర్ పీకేసి, ఒకరు క్లచ్ పట్టుకుని కిక్ మెల్లగా తొక్కుతుంటే మీరు ప్రెజర్ ప్లేట్‌ను (స్ప్రింగులతో క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టే పై ప్లేట్) పక్కనుంచి చూడండి. ఊగకుండా తిరగాలి. నా బండిలో ఒకవైపే లేచేది. మూడు స్ప్రింగుల్లో ఒకటి కుంగిపోయి పొట్టిగా కనిపించింది. మూడూ కలిపి మార్చాను, గొడవ వదిలింది.

మూత బిగించాక చైన్‌కేస్‌లో ఆయిల్ దాని లెవెల్ స్క్రూ దాకానే పోయండి. ఎక్కువైనా క్లచ్ పూర్తిగా విడవదు.