పచ్చగానే ఉంది, పలకదు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ఫోన్ మోగగానే కస్టమర్ వివరాలు తెర మీదకు రావాలి, తెర మీద నంబర్ నొక్కితే ఫోన్ దానంతటదే డయల్ అవ్వాలి. ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీ అయిన పీబీఎక్స్‌కీ సర్వర్‌కీ మధ్య, ఫోన్‌నీ కంప్యూటర్‌నీ కలిపే సీటీఐ లింకు పెట్టించుకునేది దానికోసమే. అది ఎప్పుడో ఒకసారి అలుగుతుంది. స్టేటస్ చూస్తే మాత్రం పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చ చుక్కను నేను నమ్మడం మానేసి చాలా ఏళ్లయింది. ఎందుకో కింద చెబుతాను.

ప్రశ్న: మేడమ్, మా ఆఫీసులో అరవై ఎక్స్‌టెన్షన్లు. పగలంతా పాప్‌అప్‌లు బాగానే వస్తాయి. పొద్దున్న వచ్చే మొదటి కాల్స్‌కి మాత్రం తెర మీద ఏమీ రాదు. సర్వర్‌లో సర్వీస్ రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది. మూణ్ణెల్లుగా రోజూ ఇదే తంతు. పీబీఎక్స్ వాళ్లు సర్వర్ తప్పంటారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు పీబీఎక్స్ తప్పంటారు, నెట్‌వర్క్ చూసే ఆయన “పింగ్ కొడితే జవాబొస్తోంది కదా” అని చేతులు దులుపుకుంటారు. నేనెవర్ని పట్టుకోవాలి?

జవాబు: ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు, అదే ఇక్కడ తిరకాసు. మీరు రాయని నాలుగో మనిషి ఒకరున్నారు. పీబీఎక్స్‌కీ సర్వర్‌కీ మధ్య నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ ఉందా? ఉంటే ముందు దాన్ని పట్టుకోండి.

సీటీఐ లింకు అంటే ఎక్కువ చోట్ల రెండు మెషీన్ల మధ్య తెరిచి ఉంచే ఒక టీసీపీ కనెక్షనే. పొద్దున ఒకసారి కలిస్తే రోజుల తరబడి అలాగే ఉండాలని దాని ఉద్దేశం. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ తన దగ్గర ఒక పద్దు రాసుకుంటుంది, ఫలానా మెషీన్‌కీ ఫలానా మెషీన్‌కీ మాట నడుస్తోందని. ఎంతసేపు మాట లేకపోతే ఆ పద్దు కొట్టేయాలో దానికో లెక్క ఉంటుంది. చాలా ఫైర్‌వాల్స్‌లో అది గంట. రాత్రి కాల్స్ ఉండవు, పీబీఎక్స్‌కి చెప్పడానికేమీ ఉండదు. గంట గడిచాక ఫైర్‌వాల్ పద్దు కొట్టేస్తుంది. కొట్టేసినట్టు ఇటూ చెప్పదు, అటూ చెప్పదు. రెండు వైపులా “మనం కలిసే ఉన్నాం” అనుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటాయి. మీ పచ్చ చుక్క అదే.

పొద్దున మొదటి కాల్ వస్తుంది. పీబీఎక్స్ ఆ కబురు పంపుతుంది. పద్దులో లేని కనెక్షన్ కాబట్టి ఫైర్‌వాల్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. పీబీఎక్స్ మళ్లీ పంపుతుంది, ఇంకాస్త ఆగి మళ్లీ పంపుతుంది. లోపల ఉన్నది లినక్స్ అయి, ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే, అలా పావుగంట దాకా ప్రయత్నించి గాని వదలదు. అవతల సర్వర్ మాత్రం వింటూ ఉంటుంది, అంతే. మాట్లాడేవాడికి గొంతు పోయిందో, చెప్పడానికేమీ లేక ఊరుకున్నాడో వినేవాడికెలా తెలుస్తుంది? ఇక పింగ్ సంగతంటారా, అది వేరే తోవ. ఈ కనెక్షన్ పద్దుతో దానికి సంబంధమే లేదు. పింగ్‌కి జవాబొస్తోందంటే మెషీన్ బతికుందని తెలుస్తుంది, ఆ సంభాషణ బతికుందో లేదో తెలియదు.

ఇది నా ఊహ మాత్రమే కాకుండా రుజువు చేసుకోవాలంటే, రేపు పొద్దున రీస్టార్ట్ నొక్కే ముందు రెండు మెషీన్లలోనూ కనెక్షన్ల జాబితా చూపే నెట్‌స్టాట్ అనే ఆదేశం కొట్టి చూడండి. సర్వర్ వైపు ఆ కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్, అంటే కలిసే ఉంది, అనే ఉంటుంది. పీబీఎక్స్ వైపు కూడా మొదట్లో అలాగే కనిపిస్తుంది గాని, సెండ్ క్యూ గడిలో, అంటే పంపినా చేరినట్టు కబురు రానివాటి లెక్కలో, అంకె చూడండి. మామూలుగా అక్కడ సున్నా ఉంటుంది. కాల్స్ వస్తున్నకొద్దీ ఆ అంకె పెరుగుతూ పోతుంటే, పంపినవేవీ చేరినట్టు అవతల నుంచి కబురు రావడం లేదన్నమాట. కాసేపటికి పీబీఎక్స్ వైపు ఆ వరుసే మాయమవుతుంది, సర్వర్ వైపు మాత్రం ఎస్టాబ్లిష్డ్ అలాగే వేలాడుతుంటుంది. ఆ రెండు తెరలూ ఫోటో తీసి పెట్టుకోండి. మీ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టినప్పుడు అవే మాట్లాడతాయి. పీబీఎక్స్‌లోకి లాగిన్ ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, ఫైర్‌వాల్‌కి అటూ ఇటూ వెళ్లే ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ పెట్టించండి. ఒకవైపు కనిపించే ప్యాకెట్ రెండో వైపు కనిపించకపోతే ఇక వాదన ఉండదు.

మరి మందు? చాలామంది కీప్‌అలైవ్ అంటారు, అంటే మౌనంగా ఉన్న కనెక్షన్‌ని అప్పుడప్పుడూ పలకరించి చూడటం. సరైన మాటే, కాని ఇందులో ఒక మెలిక ఉంది. లినక్స్‌లో కీప్‌అలైవ్ మొదటి పలకరింపు 7200 సెకన్ల మౌనం తర్వాత, అంటే రెండు గంటలకి. జవాబు రాకపోతే 75 సెకన్లకొకటి చొప్పున 9 సార్లు అడుగుతుంది. మొత్తం రెండు గంటల పదకొండు నిమిషాలు. ఫైర్‌వాల్ గంటకే పద్దు కొట్టేస్తుంటే ఈ పలకరింపు తెగకుండా ఆపలేదు. తెగిందని మాత్రం ఆలస్యంగానైనా కనిపెడుతుంది. మీ సర్వర్ రాత్రంతా గడిచినా కనిపెట్టలేదంటే అసలు ఆ ప్రోగ్రాం కీప్‌అలైవ్ అడగనే లేదని నా అనుమానం. ప్రోగ్రాం తన సాకెట్‌కి, అంటే తన వైపు కనెక్షన్ కొసకి, కావాలని అడిగితే తప్ప కీప్‌అలైవ్ పనిచేయదు. 7200ని 300 చేసేసి “అయినా లాభం లేదు మేడమ్” అని రాసేవాళ్లు చాలామంది ఇక్కడే జారిపడతారు.

అందుకని సాఫ్ట్‌వేర్ వాళ్లనే హార్ట్‌బీట్ అడగండి. ఐదు నిమిషాలకొకసారి సర్వర్ “ఉన్నావా” అనాలి, పీబీఎక్స్ “ఉన్నా” అనాలి. జవాబు రాకపోతే సర్వర్ పాత కనెక్షన్ మూసేసి కొత్తది తెరవాలి. సర్వర్ పీబీఎక్స్‌తో మాట్లాడే పద్ధతుల్లో ఒకటైన సీఎస్‌టీఏలో దీనికి సిస్టమ్ స్టేటస్ అనే సర్వీసే ఉంది. మీ పీబీఎక్స్ ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ అయితే 5038 పోర్ట్ మీద పింగ్ అని పంపితే పాంగ్ అని జవాబొస్తుంది. ఇది పైన చెప్పిన నెట్‌వర్క్ పింగ్ కాదు, ఆ కనెక్షన్ లోపలే వెళ్లే మాట. ఫైర్‌వాల్ టైమ్‌అవుట్ అసలే తీసేయమని మాత్రం అడగకండి. నెట్‌వర్క్ ఆయన ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది.

ఇంకో మాట. ఈ లాగ్‌లన్నీ చూసే ముందు రెండు మెషీన్ల గడియారాలూ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. నేను ఒకసారి రెండు రాత్రులు పీబీఎక్స్ మీద నింద వేస్తూ కూర్చున్నాను. పీబీఎక్స్ కబురు పంపకముందే సర్వర్ లింకు తెంపేసినట్టు లాగ్‌లో కనిపించేది, ఏ కోణంలో చూసినా అర్థం కాలేదు. మూడో రోజు చూస్తే పీబీఎక్స్ గడియారం ఏడు నిమిషాలు ముందుంది. నేను జత కలిపి చదివిన వరుసలు అసలు ఒకదానికొకటి సంబంధం లేనివి. గడియారాల్ని ఒకటిగా ఉంచే ఎన్‌టీపీ సరిచేశాక కారణం అరగంటలో దొరికింది. ఆ రెండు రాత్రులు మాత్రం తిరిగి రాలేదు.

ప్రశ్న: పీబీఎక్స్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేశారు. లింకు మళ్లీ కలిసింది. తెర మీద నుంచి డయల్ చేస్తే కాల్ వెళుతోంది. వచ్చే కాల్స్‌కి మాత్రం పాప్ రావడం లేదు. సగం తెగుతుందా లింకు?

జవాబు: లింకు తెగలేదండీ, మానిటర్లు పోయాయి. డయల్ చేయమనడం సర్వర్ ఇచ్చే ఆజ్ఞ, కనెక్షన్ ఉంటే చాలు. వచ్చే కాల్ కబుర్లు అలా రావు. “ఫలానా ఎక్స్‌టెన్షన్‌లో ఏం జరిగినా నాకు చెప్పు” అని సర్వర్ ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్‌కీ విడిగా మానిటర్ పెట్టుకోవాలి. పీబీఎక్స్ రీస్టార్ట్ అయితే ఆ జాబితా చెరిగిపోతుంది. లింకు మళ్లీ కలిసిందనుకుని మీ సాఫ్ట్‌వేర్ సంతోషించి ఊరుకుంది, మానిటర్లు మళ్లీ పెట్టలేదు. ఇప్పటికి దాన్ని ఒకసారి ఆపి తెరిస్తే సరిపోతుంది. అసలు సరిచేయాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు: లింకు తిరిగి కలిసిన ప్రతిసారీ మానిటర్లన్నీ మళ్లీ పెట్టాలి, ఆ క్షణంలో ఎవరెవరు మాట్లాడుతున్నారో స్నాప్‌షాట్ అడిగి తెలుసుకోవాలి. స్నాప్‌షాట్ లేకపోతే అప్పటికే నడుస్తున్న కాల్స్ దానికి కనిపించవు.

కొన్ని ఎక్స్‌టెన్షన్లకే రాకపోతే కథ వేరు. లైసెన్స్ లెక్క అయిపోయిందా, ఆ ఫోన్‌ని బయటి నుంచి కంట్రోల్ చేయడానికి అనుమతి టిక్ ఉందా అన్నవి చూడండి. అప్‌గ్రేడ్‌లో ఆ టిక్ ఎగిరిపోవడం నేను చూశాను.

ప్రశ్న: మా దగ్గర మొదటి ఏజెంట్ కాల్ తీసుకుని, నిపుణుడితో మాట్లాడి, ట్రాన్స్‌ఫర్ చేస్తాడు. నిపుణుడి తెర మీద కస్టమర్ పేరుకి బదులు మా ఏజెంట్ పేరే వస్తోంది. కస్టమర్ మొదటినుంచీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తోంది.

జవాబు: మీరు పంపిన లాగ్‌లోనే జవాబుంది. ఇలా విడదీసి చూడండి.

10:14:07, కాల్ 3120, పిలిచింది బయటి నంబర్, మోగింది 204.
10:16:40, కాల్ 3127, పిలిచింది 204, మోగింది 211.
10:17:12, ట్రాన్స్‌ఫర్ అయింది, పాత కాల్స్ 3120, 3127.

రెండో వరుస చూశారా? 204 నిపుణుణ్ని సంప్రదించడానికి చేసింది పూర్తిగా కొత్త కాల్. ఆ క్షణంలో 211కి ఫోన్ చేస్తున్నది నిజంగానే మీ ఏజెంట్. కాబట్టి తెర చెప్పింది తప్పు కాదు, అప్పటికి అది నిజమే. తప్పంతా మూడో వరుసలో. అక్కడ పీబీఎక్స్ “ఈ రెండు కాల్స్‌నీ కలిపేశాను, ఇక లైన్‌లో ఉన్నది బయటి నంబరూ 211వూ” అని చెప్పింది. మీ సాఫ్ట్‌వేర్ ఆ కబురు అందుకుంది, లాగ్‌లో రాసుకుంది కూడా, కాని తెర మార్చలేదు. కలిశాక కొన్ని సిస్టమ్స్ కాల్‌కి కొత్త నంబర్ ఇస్తాయి, కొన్ని పాత రెంటిలో ఒకటి ఉంచుతాయి. రెంటికీ సిద్ధంగా రాయాలి. ఈ మూడు వరుసలూ అలాగే మీ వెండర్‌కి పంపండి. “పాప్‌అప్ సరిగా రావడం లేదు” అని రాస్తే నెల పడుతుంది, ఇలా పంపితే అంత పట్టదు.

ప్రశ్న: టాపీ, టీసాపీ, జేటాపీ, సీఎస్‌టీఏ... ఇవన్నీ ఎందుకు? ఏది నేర్చుకోవాలి?

జవాబు: పేర్లు చూసి బెదరకండి, ఇవన్నీ ప్రోగ్రాం పీబీఎక్స్‌తో మాట్లాడే పద్ధతులే. సీఎస్‌టీఏ అనేది ఎక్మా అనే ప్రమాణాల సంస్థ 1992లో తెచ్చిన ప్రమాణం. టాపీ 1993లో మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి తెచ్చినది. టీసాపీ ఏటీ అండ్ టీ, నావెల్ కలిసి చేసినది, దాని పునాది సీఎస్‌టీఏనే. జేటాపీ జావా వాళ్లది. మీ పీబీఎక్స్ ఏది మాట్లాడితే అదే నేర్చుకోండి. ఒకదానికోసమే సమయం ఉందంటే నా ఓటు సీఎస్‌టీఏకి. కాల్, కనెక్షన్, డివైస్ అని అది విడదీసిన తీరు తలకెక్కితే మిగతావాటి మాటలు సగం అర్థమైపోతాయి.

ప్రశ్న: పాప్ వస్తుంది, కాని తెలిసిన కస్టమర్‌కి కూడా “కొత్త నంబర్” అంటుంది.

జవాబు: లింకు తప్పు కాదు, అంకెల తప్పు. పీబీఎక్స్ తిరిగి డయల్ చేయడానికి వీలుగా ముందు సున్నానో తొమ్మిదో తగిలించి పంపుతుంది, మీ డేటాబేస్‌లో అది లేకుండా ఉంటుంది. లేదా మీ దగ్గర దేశం కోడ్‌తో ఉంటుంది, అటు నుంచి లేకుండా వస్తుంది. రెంటినీ ప్లస్ గుర్తుతో మొదలయ్యే అంతర్జాతీయ రూపంలోకి మార్చి పోల్చండి. అందులో 15 అంకెలకు మించవు. చివరి ఆరంకెలు కలిస్తే చాలనే అడ్డదారి వద్దు, ఒకరి వివరాలు ఇంకొకరికి తెరుచుకుంటాయి.

ప్రశ్న: ఎలాగూ రీస్టార్ట్‌తో పోతోంది కదా మేడమ్, రోజూ తెల్లవారుజామున దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా పెట్టేశాను. తప్పా?

జవాబు: పని నడుస్తోందిగా, తిట్టను. కాని పట్టపగలు ఏ గంటో ఫోన్లు రాకపోతే మళ్లీ అదే జరుగుతుంది, అప్పుడు మీ షెడ్యూల్ నిద్రపోతుంటుంది. పైగా రీస్టార్ట్‌తో సాక్ష్యాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈసారి పగలు ఆగినప్పుడు బటన్ మీద చెయ్యి వెయ్యకుండా మూడు నిమిషాలు ఓపిక పట్టండి. పక్క బల్ల ఫోన్ నుంచి మీ ఎక్స్‌టెన్షన్‌కి కాల్ చేయండి. అది మోగుతుండగా పీబీఎక్స్ లాగ్‌లో కబురు పుట్టిందా, సర్వర్ లాగ్‌లో చేరిందా చూసి టైమ్‌తో సహా రాసుకోండి. నెట్‌స్టాట్ తెర కాపీ చేసుకోండి. తెర మీద నుంచి ఒక నంబర్ డయల్ చేసి, వెళ్లిందో లేదో అదీ రాయండి. తర్వాత నొక్కండి రీస్టార్ట్. ఆ కాగితం నాకు పంపండి.