ఎంఎంటీఎస్ ఉండగా మెట్రో దేనికి?

ప్రశ్న: గార్డు గారూ, మా అమ్మాయి ఉద్యోగం హైదరాబాద్‌లో. మొన్న చూడ్డానికి వెళ్లి రైల్వే వాళ్ల లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఎక్కాం, మెట్రో ఎక్కాం. రెండూ కరెంటు బళ్లే, రెండూ ఊళ్లోనే తిరుగుతాయి. ఒకటి ఉండగా రెండోది ఎందుకు కట్టారు? ఏది ముందు వచ్చింది? గుంటూరు నుంచి విజయవాడకు రైళ్లున్నాయి కదా, మనకూ మెట్రో కావాలా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీరడిగినదానికి జవాబు నాకు ఎప్పుడో కొండపల్లి లూప్‌లైన్లో, అంటే బళ్లను పక్కకు తీసి ఆపే పట్టా మీద, దొరికింది. బెజవాడ నుంచి కాజీపేట వైపు గూడ్సు బళ్ల మీద వెళ్లిన రోజులవి. వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే మా బండిని లూప్‌లోకి తీసి ఆపేవాళ్లు. అది దాటిపోయాక బయల్దేరదామంటే ఇంకోటి తయారు. ఒక ఎండాకాలం అలా మూడు బళ్లకు దారిచ్చేసరికి క్యారేజీలో మా ఆవిడ పెట్టిన పెరుగన్నం పులిసిపోయింది. స్టేషన్ మాస్టరు చేయగలిగిందేమీ లేదు. ముందు బండి బ్లాక్ సెక్షన్, అంటే పక్క స్టేషన్ దాకా ఉన్న పట్టా, ఖాళీ చేస్తేగానీ వెనక బండికి లైన్ క్లియర్, అంటే వెళ్లే అనుమతి, ఇవ్వకూడదు. పట్టా ఒకటే, దాని మీద హక్కున్న బళ్లు బోలెడు.

ఎంఎంటీఎస్ నడిచేది అలాంటి పట్టాల మీదే. నిజాం కాలంలో, 1874లో, ఇప్పటి కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వేశారు. బొంబాయి–మద్రాసు లైనుకు నిజాం రాజధానిని కలపడం దాని పని. పేట నుంచి పేటకు జనాన్ని చేరవేయాలన్న ఆలోచన అప్పుడు లేదు. ఆ నిజాం రైలే 1889లో మన బెజవాడ దాకా వచ్చింది. కృష్ణ మీద రైలు వంతెన 1893లో తయారయ్యాక మద్రాసు వైపు దారి తెరుచుకుంది. బెజవాడ జంక్షన్ అయింది అలాగే. అటు హైదరాబాద్ ఆ పట్టాల చుట్టూ పెరిగి, బేగంపేట, లింగంపల్లి లాంటివి ఊళ్లో కలిసిపోయాయి. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలుపెట్టారు. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు పంచుకున్నాయి. పట్టాలు ముందే ఉన్నాయి గనక తక్కువలో అయిపోయింది, టికెట్టూ చవక. అది చాలా మంచి పని అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ దారిలోనే దూరపు ఎక్స్‌ప్రెస్‌లు వెళ్లాలి, గూడ్సూ వెళ్లాలి. అయిదు నిమిషాలకో లోకల్ నడపమంటే సందేదీ?

అందుకే మెట్రోకు సొంత పట్టా వేశారు, అదీ రోడ్డు మధ్యలో స్తంభాలెత్తి. గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, కూడా వేరు. మన రైళ్ల బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, మెట్రోది 1,435. దాని మీదికి గూడ్సు రాదు, ఎక్స్‌ప్రెస్ రాదు. అమీర్‌పేట ప్లాట్‌ఫారం మీద మా మనవడితో కూర్చుని చాలాసేపు చూశాను. మూడు పెట్టెల బండి, మా లెక్కలో పిల్ల బండి. అది కదిలిన కాసేపటికే ఇంకోటి వచ్చి నిలబడింది. అక్కడ ఒక్కరూ 'బండి ఎన్నింటికి?' అని అడగలేదు. ముప్పై ఏళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాణ్ణి, నాకు అదే పెద్ద వింత.

అదేమీ ఒక్కసారిగా వచ్చిపడలేదు. మొదట కుదిరిన ఒప్పందం 2009లో రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ కంపెనీతో మళ్లీ కుదిరింది. 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రారంభించినప్పుడు అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా 30 కిలోమీటర్లే. 2018లో ఎల్బీనగర్, 2019లో హైటెక్ సిటీ, ఆ ఏడాది చివర్లో రాయదుర్గం, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్, ఎంజీబీఎస్ అనే రెండు పెద్ద బస్టాండ్ల మధ్య దారి. మొత్తం 69 కిలోమీటర్లయింది.

ఇక మన సంగతి. గుంటూరు బళ్లు, తెనాలి బళ్లు కృష్ణా కెనాల్ జంక్షన్‌లో కలిసి వంతెన ఎక్కాలి. ఢిల్లీ, హౌరా, చెన్నై బళ్లకూ అదే దారి. ఉద్యోగానికి సీజన్ టికెట్ మీద వచ్చే మీ ఊరివాళ్లు ఎన్నెన్ని బళ్లకు దారివ్వాలో ఆలోచించండి. కాబట్టి ఉన్న రైళ్లు చాలవా అంటే చాలవు.

2014 విభజన చట్టంలోనే విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యమేమో పరిశీలించాలని రాశారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన మొదటి దశ 38.4 కిలోమీటర్లు. గన్నవరం నుంచి ఒక దారి, పెనమలూరు నుంచి ఒక దారి, రెండూ కలిసేది విజయవాడలోని పండిట్ నెహ్రూ బస్టాండులో. రెండో దశ అమరావతికి. మొదటి దశలో గుంటూరు లేదు, అది నాకు కష్టంగానే ఉంది.

విజయవాడలో మా సత్యనారాయణపురం మధ్యనుంచి ఒకప్పుడు రైలు వెళ్లేది. ఆ పట్టాలు తీసేశారు, ఇప్పుడక్కడ బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు. ఊరి నడుమ రైలుకున్న దారి ఒకసారి పోతే మళ్లీ సంపాదించడానికి ఎంత పాట్లు పడాలో అటు నడిచినప్పుడల్లా గుర్తొస్తుంది.

మీరు ఈసారి వెళ్లినప్పుడు ఎంజీబీఎస్‌లో దిగి చూడండి. రెండు మెట్రో లైన్లు ఒకదాని మీద ఒకటి, పక్కనే బస్టాండు. మన బస్టాండు దగ్గర కట్టేదీ అలాగే ఉండాలి. గుంటూరు ప్యాసింజరు దిగిన మనిషి చేతిలో సంచీతో, ఆటో ఎక్కకుండా, ఎండ తగలకుండా మెట్రోలోకి నడిచి వెళ్లగలగాలి.